రాగి బిందెలో సముద్రం

మా అరుగు మీద ఉత్తరపు మూల ఒక గాజు తొట్టి ఉంది. మందపాటి గాజు. అంచుల దగ్గర కాస్త ఆకుపచ్చగా మెరుస్తుంది. ఏటా మామిడికాయలు దిగే రోజుల్లో ఎవరో ఒకరు దాన్ని చూసి, "ఖాళీగానే ఉంది కదండీ, ఆవకాయ వేసుకోడానికి ఇస్తారా?" అని అడుగుతారు. అడగడంలో తప్పులేదు. ఊళ్ళో ఒక పెద్దింటివాళ్ళు సొంత డైనమో తీసేసినప్పుడు బ్యాటరీల తాలూకు తొట్లు ఇలాంటివి చాలా ఇళ్ళకు చేరాయి. కడిగి, ఎండబెట్టి, అందరూ ఊరగాయలే పెట్టుకున్నారు. మా ఇంటికి వచ్చిన తొట్టిలో మాత్రం సముద్రం ఉండేది.

ఆ సముద్రాన్ని పెంచింది మా ఆవిడ వీరవేణి. పెంచడం అన్న మాట ఆమెదే. పోయిన కార్తీకంలో ఆమె వెళ్ళిపోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళు కాసేపు తల వంచుకుని కూర్చుని, లేచేముందు తొట్టి వంక చూసి, "ఆ పీతనీ ఆ పువ్వునీ అన్నేళ్ళు ఎలా బతికించేరండీ ఆవిడ?" అని అడుగుతున్నారు. నాకు తెలిసినంత చెబుతున్నాను. చెప్పేకొద్దీ, నీళ్ళతో మొదలుపెట్టిన మాట మా అమ్మ దగ్గరికి వెళ్ళి ఆగుతోంది. అందుకని ఇద్దరి గురించీ కలిపే రాస్తున్నాను.

నేను కొత్తపేటలో బోర్డు స్కూలు మేష్టర్ని. యుద్ధం అయిపోయిన మరుసటేడు మా పెళ్ళయింది. వీరవేణిది అంతర్వేదికి ఇవతల కేశవదాసుపాలెం. వాళ్ళ దొడ్డి దాటితే సరుగుడు తోట, తోట దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. తల్లి చిన్నప్పుడే పోతే తండ్రి ఒక్కడే పెంచాడు. కొత్తపేట వచ్చాక ఆమెకు ఏ లోటూ లేదు. కాలువ నిండా నీళ్ళు, ఇంటి చుట్టూ అరటి, కొబ్బరి. అయినా గాలి వేసినప్పుడు చేతిలో పని ఆపి పైకి చూసేది. ఒకసారి అడిగితే, "కొబ్బరాకులు సముద్రంలాగే మోగుతున్నాయండీ. తడే లేదు" అంది.

పెళ్ళయిన కొంతకాలానికి ఆమె తండ్రి పోయాడు. మగపిల్లలు లేరు కాబట్టి తోట దాయాదులకు వెళ్ళింది. కర్మకాండ అయ్యాక ఆమెను తీసుకురావడానికి వెళితే, గడప దగ్గర ఒక కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కుండలో సముద్రపు నీళ్ళు. నీళ్ళలో ఒక గుల్ల. దారంతా, బండిలోనూ పడవలోనూ, ఆ కుండను ఆమె కింద పెట్టలేదు.

మా అమ్మ పేరు చిన్నమ్మలు. వీధరుగు మీదే ఎదురొచ్చింది.

"ఏం తెచ్చుకున్నావమ్మాయ్ పుట్టింటినుంచి?"

"పీతండీ అత్తయ్యగారూ."

"ఒక్కటేనా? పులుసుకి రాదుగా."

"వండటానిక్కాదండీ. ఉంచుకోడానికి."

మా అమ్మకు చేపలన్నా పీతలన్నా ప్రాణం. పీతని తోమడం, చితక్కొట్టడం, పులుసు పెట్టడం ఆమెకు తెలుసు. ఉంచుకోవడం అన్నది ఎప్పుడూ వినలేదు. కుండలోకి ఒకసారి తొంగి చూసి నావైపు తిరిగి, "పజ్యాలు చెప్పేది స్కూల్లోనేననుకున్నాను. ఇంట్లో కూడా చెప్తున్నావేంట్రా?" అంది.

అది గుల్లలో కాపురముండే పీత. దానికి వెనక సగం ఒళ్ళు మెత్తగా ఉంటుందట, పెంకు ఉండదట. అందుకని ఏ నత్తో వదిలేసిన గుల్లలో దూరి, దాన్నే ఇల్లుగా మోసుకుంటూ తిరుగుతుంది. దీని గుల్ల మీద ఇంకో విచిత్రం కూడా ఉంది. తెచ్చేటప్పుడు బొడిపెలా కనిపించింది గాని, తొట్టిలో నీళ్ళు కుదుటపడ్డాక అది రేకలు విప్పింది. లేత వంకాయరంగు చామంతిలా ఉంది. అదీ ప్రాణమున్న జీవమేనని వీరవేణి చెప్పింది. ఆ రేకలు ముట్టుకుంటే చురుక్కుమంటాయి, అందుకని పెద్ద చేపలు పీత జోలికి రావు. పీత తిన్నదాంట్లో మిగిలింది పువ్వుకి. వాళ్ళ నాన్న సరుగుడు తోట చివర ఒడ్డున, పోటు వెనక్కి పోయినప్పుడు దొరికింది. ఆ ఒడ్డునుంచి ఆమెకు మిగిలింది అదొక్కటే. అది నేను అడిగి తెలుసుకున్నది కాదు. ఆమె తొట్టి ముందు కూర్చునే తీరు చూస్తే ఎవరికైనా తెలిసేది.

ఇక పెంపకం సంగతి.

మొదటి నెలలోనే చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనయింది. కారణం మా గోదావరివాళ్ళ మర్యాద. గడప దాటి వచ్చిన దేన్నీ ఆకలితో ఉండనివ్వడం మాకు చేతకాదు. అరుగు మీదికి వచ్చిన ప్రతివాళ్ళూ తొట్టిలో ఏదో ఒకటి వేసేవారు. కొబ్బరిముక్క, అన్నం మెతుకు, బూంది. ఎదురింటి వీరలక్ష్మిగారైతే, "వట్టి నీళ్ళేం తాగుద్దండి పాపం" అని సున్నుండ చిదిపి వేసింది. నీళ్ళు కుడితిలా అయిపోయి కంపు కొట్టాయి. తొట్టి నింపడానికి తర్వాత తెప్పించిన సముద్రపు నీళ్ళతో వచ్చిన చిన్న చేపపిల్లలు తెల్లారేసరికి తేలాయి. వీరవేణి కుండలో మిగిలి ఉన్న సముద్రపు నీళ్ళలోకి పీతను మార్చి, తొట్టి మీద గుడ్డ కట్టేసింది.

"చుట్టాన్ని పిలిచి విస్తరెత్తేసినట్టుందే" అంది అమ్మ.

"అది తిన్నదంతా మళ్ళీ ఆ నీళ్ళే మొయ్యాలండీ. కాలవలో అయితే కొట్టుకుపోద్ది, తొట్టిలో ఎక్కడికి పోద్దండీ?"

ఆనాటినుంచి వారానికి రెండు మూడుసార్లు, బియ్యపుగింజంత రొయ్యముక్క పీతకొకటి, పువ్వుకొకటి. పువ్వుకి పుల్లతో అందించేది. కాసేపటికి ఏదైనా మిగిలి కనిపిస్తే తీసేసేది. పెట్టడం ఎవరికైనా వస్తుంది, పెట్టకుండా ఉండడం నేర్చుకోవాలి అనేది.

రెండోది ఉప్పు. వేసవిలో నీళ్ళు ఆవిరై తగ్గిపోతాయి. తగ్గిన మేరకు సముద్రపు నీళ్ళే పొయ్యాలని నేను అనుకున్నాను, అదే న్యాయంగా తోచింది. ఆమె నవ్వింది.

"పులుసు మరిగి చిక్కబడితే ఏం పోస్తామండీ?"

"నీళ్ళు."

"ఉప్పెయ్యం కదా. ఉప్పెక్కడికీ పోలేదు, గిన్నెలోనే ఉంది. ఇదీ అంతే."

తొట్టి బయట నీటి మట్టానికి సున్నంతో గీత గీసింది. నీళ్ళు గీత దిగితే మంచినీళ్ళు పోసి గీతకు తెచ్చేది. మాకు బావినీళ్ళు కాస్త చౌడు కాబట్టి వానాకాలంలో పట్టి ఉంచిన చూరునీళ్ళు వాడేది. అప్పుడప్పుడూ తొట్టిలో పాత నీళ్ళు కొంత తీసి, ఆ మేరకు మాత్రం కొత్త సముద్రపు నీళ్ళు పోసేది. ఒక్కసారిగా అంతా మార్చేది కాదు.

ఆ నీళ్ళు తెచ్చేవాడు దానం. రాజోలు వైపునుంచి అతని పడవ సున్నపు బట్టీకి గుల్ల మోసుకుని కాలువమీద వచ్చేది. గుల్ల మోసే పడవలో వీరవేణి కోసం రెండు కుండల సముద్రం కూడా వచ్చేది. ఏరు సముద్రంలో కలిసే మొగలో కాదు, బాగా అవతల, పోటు మీద ఉన్నప్పుడు ముంచమని ఆమె చెప్పేది.

"మంచినీళ్ళ ఊళ్ళో ఉప్పునీళ్ళు దింపేవోణ్ణి నేనొక్కణ్ణేనండి మేష్టారూ" అనేవాడు దానం. "లాకుల దగ్గర అడుగుతున్నారండి, కుండల్లో ఏంటని. సముద్రమండి అంటే కల్లేమోనని వాసన చూస్తున్నారండి."

అతను కుండలు వాకిట్లో దించి పక్కకు జరిగేవాడు. అమ్మ వాటిమీద పసుపునీళ్ళు చల్లాకే లోపలికి రానిచ్చేది. దానం నవ్వు ముఖంతోనే చూస్తూ నిలబడేవాడు. ఆ రోజుల్లో అది ఎవరికీ వింత కాదు. వీరవేణి మాత్రం అతను వెళ్ళేవరకూ తల ఎత్తేది కాదు.

తెచ్చిన నీళ్ళను వెంటనే వాడకూడదు. కుండలకు మూతపెట్టి, వడ్లకొట్టు వెనక చీకటి మూల ఉంచేది. కొన్ని వారాలకు మడ్డి అంతా అడుగుకు దిగి పైన తేట మిగిలేది. ఎప్పుడూ ఒక కుండ అదనంగా ఆ మూల ఉండాల్సిందే. తొట్టికి నేరుగా ఎండ తగలకూడదు, తగిలితే గాజంతా పాచి పడుతుంది. తలంటుకున్న రోజు ఆమె అందులో చెయ్యి పెట్టేది కాదు. నూనె నీళ్ళమీద పరుచుకుంటే లోపలివాటికి గాలి ఆడదట. గాలి కోసం ఇంకో ఏర్పాటు చేసింది. దూలానికి చిన్న కుండ వేలాడదీసి, అడుగున కన్నం పెట్టి, తొట్టిలోంచి తీసిన నీళ్ళే అందులో పోసేది. బొట్లు బొట్లుగా తొట్టిలో పడుతూ ఉండేవి.

"శివుడికి ధారపాత్ర, దీనికీ ధారపాత్ర" అంది అమ్మ. "రేపు బిల్వపత్రాలు కూడా కోసుకొస్తావు కామోసు."

"ఆకులు పడితే కుళ్ళుతాయండీ అత్తయ్యగారూ."

"ఓహో. స్వామికి అదొక నియమమా."

ఇలా సాగేది. అమ్మ తొట్టిని ఎప్పుడూ "మీ సముద్రం" అనేది. "మీ సముద్రానికి అడ్డంగా కూర్చున్నాను, లేవనా?" "మీ సముద్రంలో పోటు తగ్గిందే, చూసుకో." ఆ మాటలో విషం లేదు. కాని గోడ ఉంది. వీరవేణి కూడా ఊళ్ళోవాళ్ళతో "మా సముద్రం" అన్నప్పుడు ఆ 'మా'లో నేను లేను, అమ్మ లేదు. ఆమె, వాళ్ళ నాన్న, ఆ ఒడ్డు. అది నాకు అర్థమయ్యేది. నొప్పి అనిపించేది కాదు, అదంతా ఆమె కుండలో పెట్టి తెచ్చుకున్నది.

కొన్నేళ్ళు గడిచాయి. పీత కొంచెం పెద్దదయింది. గుల్ల బిగుతవుతోందని వీరవేణి దానం పడవలోంచి ఖాళీ గుల్లలు ఏరి, ఉడకబెట్టి కడిగి, తొట్టిలో పెట్టేది. పీత ఒక్కొక్కదాన్నీ తడిమి చూసి వదిలేసేది. "సంబంధాలు నచ్చడం లేదు" అనేది అమ్మ.

ఒక మాఘమాసంలో అమ్మ వీధిలో ఆడవాళ్ళతో కలిసి అంతర్వేది తీర్థానికి వెళ్ళింది. వెళ్ళేముందు అటక మీది రాగి బిందె దింపించింది. అది ఆమె పెళ్ళినాటిది. పండగలకీ శుభకార్యాలకీ తప్ప దిగేది కాదు. చింతపండు వేసి, ఇటిక పొడి వేసి, అద్దంలా అయ్యేదాకా తోమింది. ఎందుకమ్మా అంటే, "ఎందుకో ఒకందుకు" అంది.

తిరిగొచ్చిన రోజు ఆ బిందె చంకన పెట్టుకునే బండి దిగింది. మూతికి కొత్త తెల్లగుడ్డ వాసెన కట్టి ఉంది. నెత్తిన పెట్టుకుంటామన్నా తోటివాళ్ళకు ఇవ్వలేదట. తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్ళి దింపింది.

"ఇదిగో అమ్మాయ్, మీ సముద్రం. నేనే దిగి ముంచేను. పీకల్లోతు దిగేను. కుండలో తెస్తే ఏం బాగుంటుంది, సముద్రుడంతటివాణ్ణి? అందుకే ఇది పట్టుకెళ్ళేను."

అదే మాట, "మీ సముద్రం." అన్న తీరు మాత్రం వేరు. వీరవేణి వంగి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టింది. కొత్త నీళ్ళను చీకటి మూల ఉంచడం, కొంచెం కొంచెంగా పొయ్యడం, ఆ నియమాలన్నీ ఆ రోజు పక్కకు పోయాయి. అత్తగారు అంత దూరంనుంచి చంకన మోసుకొచ్చిన నీళ్ళను వడ్లకొట్టు వెనక ఎలా పెట్టడం? తొట్టిలో సగానికి పైగా తీసేసి, అమ్మ చూస్తుండగానే బిందె వంచింది. వీధి ఆడవాళ్ళందరూ చుట్టూ ఉన్నారు. అమ్మ ముఖం చూడాలి ఆ పూట.

మర్నాడు పొద్దున్న, దానం నీళ్ళతో వచ్చి తొట్టిలో చేరిన రొయ్యపిల్లలు పక్కకు ఒరిగి ఉన్నాయి. పువ్వు ముడుచుకుపోయి బొత్తాంలా అయింది. బంకలాంటిది కారుతోంది. మధ్యాహ్నానికి పీత గుల్లలోంచి సగం బయటికి వచ్చి అలాగే ఉండిపోయింది. పుల్లతో తాకితే మళ్ళీ లోపలికి దూరాలి కదా. దూరలేదు.

"ఏంటే, అలా ఉంది?" అంది అమ్మ.

"చలికండీ" అంది వీరవేణి.

నేను భోజనం చేసి మళ్ళీ స్కూలుకు వెళుతుంటే గేటు దాకా వచ్చి నెమ్మదిగా చెప్పింది. "నీళ్ళ వల్లేనండీ. ఏం జరిగిందో తెలీదు గాని, నీళ్ళ వల్లే. ఆవిడతో అనకండి."

"అనకపోతే ఆ నీళ్ళు తియ్యడం ఎలా?"

"తీస్తే ఎందుకంటారు. వీధి వీధంతా చెప్పుకున్నారండీ, మా కోడలికి సముద్రం తెచ్చేనని. ఇన్నేళ్ళకి తెచ్చేరు." అరుగు వైపు తిరిగి చూసింది. "అది పోతే నాకింక ఆ ఒడ్డున ఏమీ లేదండీ. కానీ ఈవిడ ఇక్కడున్నారు కదా."

ఆ పూట బళ్ళో పిల్లలకు ఏం చెప్పానో గుర్తు లేదు.

తర్వాత జరిగింది నాకు ఇద్దరూ చెప్పారు, కాబట్టి చూసినట్టే రాస్తాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ రాగి బిందె మళ్ళీ అటక ఎక్కిద్దామని తోమబోయింది. లోపలికి చెయ్యి పెడితే వేళ్ళకు ఆకుపచ్చటి పొడి అంటింది. వెలుగులోకి వంచి చూసింది. అడుగంతా చిలుం పట్టి ఉంది. బిందె అలాగే పట్టుకుని అరుగు మీదికి వచ్చింది.

"అమ్మాయ్, కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే ఏమవుద్ది?"

వీరవేణి దూలానికి వేలాడే కుండ సరిచేస్తోంది.

"నిన్నే."

"చిలుం పడుద్దండీ."

"తింటే?"

"వాంతులవుతాయండీ."

"పులుపుకి పడితే ఉప్పుకి పడదా? ఇదిగో, చూడు. మంచినీళ్ళ బిందెకి కళాయి ఎందుకని దీనికి ఎప్పుడూ పెట్టించలేదు నేను. అందులోనూ చింతపండేసి తోమి తోమి మరీ పట్టుకెళ్ళేను. దారంతా ఆ నీళ్ళు ఇందులోనే కదిలేయి." బిందె కింద పెట్టింది. "చలీ లేదు గిలీ లేదు. విషం నేను పెట్టేను దానికి."

"అలా అనకండి అత్తయ్యగారూ. తెలిసి చేసేరా ఏంటండీ?"

"నీకు తెలుసా?"

"నీళ్ళనుకున్నానండీ. బిందె అనుకోలేదు."

"అనుకుని నోరు మూసుకున్నావు. పెద్దదాన్ననా?"

వీరవేణి బిందె తీసి పక్కన పెట్టబోయింది.

"బాగుందమ్మా మర్యాద. నా పరువు కోసం ఆ పీతకి పాడె కట్టిద్దామనుకున్నావా? లే. ఏం చెయ్యాలో చెప్పు."

అమ్మ తప్పు తనంతట తాను కనిపెట్టింది. బిందెను తోమేసి అటక మీద పెట్టేసి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఈ మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను. వీరవేణి కూడా తలుచుకునేది.

వడ్లకొట్టు వెనక అదనపు కుండ ఉంది. ఆ నీళ్ళు వెడల్పాటి మట్టి బానలో పోశారు. పీతను గుల్లతో సహా కొబ్బరిచిప్పతో ఎత్తి ముందు వేరే పళ్ళెంలో కాసిని మంచి ఉప్పునీళ్ళతో కడిగి, అప్పుడు బానలోకి వదిలారు. తొట్టిలో నీళ్ళు, అడుగున ఇసుక, అంతా పారబోశారు. మొక్కల్లో పొయ్యకుండా వీధి వారన. ఇసుక కూడా విషం పట్టి ఉంటుందని చెప్పింది అమ్మే. "పులుసు పారబోసి గిన్నె కడక్కుండా ఉంటామా?"

కాని బానలో నీళ్ళు కొంచెమే. వాటిని రెండు మూడు రోజుల్లో మార్చకపోతే అవీ పాడవుతాయి. దానం పడవ అప్పటికి రేవులోనే ఉంది, గుల్ల దింపేసి తిరిగి బయల్దేరుతోంది. అమ్మ కుమ్మరి దగ్గర కొత్త కుండలు తీసుకుని తిన్నగా రేవుకు వెళ్ళి పడవెక్కింది. నేను బడినుంచి వచ్చేసరికి ఇంట్లో లేదు.

ఆ ప్రయాణం గురించి దానం చాలా ఏళ్ళు చెప్పుకుని నవ్వించాడు.

"పడవెక్కగానే నా చెంబు చూసేరండి. అది రాగిదా అన్నారు. కాదండి, ఇత్తడిదండి అన్నాను. అదీ దాని చుట్టమే, అవతల పెట్టు అన్నారు. ఆయ్. తర్వాత నా మెళ్ళో సిలువ చూసేరండి. అదేంటన్నారు. ఎండిదండి. నీళ్ళలోకి వంగేటప్పుడు వీపుకి తిప్పుకో అన్నారండి. ప్రభువు వీపున వేలాడుతున్నాడండి ఆ పూట. ఇక అమ్మగారు మాత్రం, చేతి గాజులు, కాలి మెట్టెలు, అన్నీ తీసి మూట కట్టి మా కృపమ్మ చేతికిచ్చి, అప్పుడు దిగేరండి సముద్రంలోకి."

కృపమ్మ దానం భార్య. ఆ రోజు పోటు వచ్చేదాకా అమ్మ వాళ్ళింటి చూరు కింద కూర్చుందట. కృపమ్మ కొబ్బరిబోండం కొట్టిస్తే తాగిందట. అన్నం మాత్రం వద్దందట. అక్కడికి అదే ఎక్కువని దానం అన్నాడు.

కుండలు ఊగి చిట్లకుండా మోకాళ్ళ మధ్య పెట్టుకుని అమ్మ తిరిగొచ్చింది. వాకిట్లో దానం కుండలు దించి పక్కకు జరగబోతే, "లోపలికి పట్రా, నేను మొయ్యలేను" అంది. పసుపునీళ్ళు చల్లలేదు. ఆ తర్వాత ఎప్పుడూ చల్లలేదు. ఎవరైనా అడిగితే, "పసుపు మాత్రం ఆ పీతకి పడుద్దో లేదో ఎవరికి తెలుసు?" అనేది. నిజంగా పీత కోసమేనని అనుకోవడం ఆమెకు సుఖంగా ఉండేది కాబోలు. మేమూ అలాగే ఉండనిచ్చాం.

పీత ముందు కోలుకుంది. గుల్లలోకి వెనక్కి జరిగి, తర్వాత మీసాలు ఆడించింది. పువ్వే తేరుకోలేదు. రోజూ పొద్దున్నే అమ్మ బాన దగ్గరికి వెళ్ళి చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒక రోజు వెళ్ళలేదు. అక్కడే నిలబడి, "వీరవేణీ" అని పిలిచింది. అంతకుముందు పేరు పెట్టి పిలవగా నేను వినలేదు, అమ్మాయ్ అనే పిలిచేది. పువ్వు అంచున రెండే రెండు రేకలు బయటికి వచ్చి ఉన్నాయి.

తర్వాత తొట్టి మళ్ళీ నిండింది, కొత్త ఇసుక పడింది. అమ్మ ఆ ఒడ్డునుంచి నీళ్ళతో పాటు ఒక గుల్ల కూడా ఏరి తెచ్చింది. గోధుమరంగు చారలు, మూతి వెడల్పు. మిగతా గుల్లల పక్కన దాన్నీ పెట్టారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకనాడు భోజనానికి బడినుంచి ఇంటికి వచ్చాను. పొయ్యి మీద అన్నం గిన్నె లేదు. అత్తాకోడళ్ళిద్దరూ తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు.

"అన్నం?" అన్నాను.

"ఉండండీ" అంది ఒకావిడ. "ఉండరా" అంది ఇంకొకావిడ.

నేనూ కూర్చున్నాను. పీత అమ్మ తెచ్చిన గుల్ల మూతి దగ్గర నిలబడి, కాళ్ళతో లోపలంతా తడుముతోంది. ఎంతోసేపు అలాగే. తర్వాత రెప్పపాటులో పాత గుల్లలోంచి మెత్తటి ఒళ్ళు లాక్కుని కొత్తదాంట్లోకి దూరిపోయింది. పువ్వు పాత గుల్ల మీదే ఉండిపోయింది.

"అయ్యో, దాన్ని వదిలేసిందే" అంది అమ్మ.

వీరవేణి ఆమె చెయ్యి పట్టుకుంది. పీత పాత గుల్ల దగ్గరికి వెనక్కి వచ్చింది. కాళ్ళతో పువ్వు మొదట్లో తట్టడం మొదలుపెట్టింది. తలుపు తట్టినట్టు, తొందర లేకుండా. తట్టగా తట్టగా పువ్వు పట్టు వదిలింది. పీత దాన్ని రెండు చేతులా ఎత్తి తన కొత్త ఇంటి మీద పెట్టుకుంది. అది అంటుకునేదాకా పట్టుకునే ఉంది.

ఆ సమయానికి ఎదురరుగు మీదనుంచి వీరలక్ష్మిగారు కేకేసింది. "ఏంటండీ చిన్నమ్మలుగారూ అందరూ అక్కడే ఉన్నారు? మీ కోడలి సముద్రం ఎలా ఉందండీ?"

"మా సముద్రమా?" అంది అమ్మ, తొట్టిమీదినుంచి కళ్ళు తిప్పకుండానే. "బానే ఉంది."

వీరవేణి నావైపు చూసింది. నేను విన్నానో లేదోనని. విన్నాను. ఆ పూట మేము పెరుగూ అటుకులూ తిన్నాం.

ఆ పీత ఇంకా చాలా ఏళ్ళు బతికింది, ఇంకోసారి ఇల్లు మారింది, పువ్వును వెంట తీసుకెళ్ళింది. అది వయసయ్యే పోయింది. తర్వాత వేరేవి వచ్చాయి. అమ్మ చివరిరోజుల్లో మంచం అరుగు మీద వేయించుకుని, సున్నం గీతకి నీళ్ళు తగ్గితే కోడల్ని పిలిచేది. అమ్మ పోయాక, దానం పడవ మానేశాక, వీరవేణి తొట్టిలో మిగిలిన ప్రాణులను కుండలో పెట్టుకుని కేశవదాసుపాలెం ఒడ్డున వదిలి వచ్చింది. వచ్చి, "మనింటికొచ్చేసేనండీ" అంది. అంతే అంది.

నాకు ఇద్దరు గొప్ప ఆడవాళ్ళు ఒకే ఇంట్లో దొరికారు. ఒకరు ప్రాణంలాంటిది పోతున్నా ఎదుటిమనిషి సంతోషం పాడుచెయ్యలేకపోయారు. ఒకరు తన సంతోషం తనే తీసి పక్కన పెట్టి నిజం చెప్పారు. వాళ్ళ పక్కన కూర్చుని పెరుగూ అటుకులూ తిన్న అదృష్టం నాది.

తొట్టి ఆవకాయకి ఇవ్వను. సముద్రాన్ని పెంచుకుంటామంటే మాత్రం ఎవరికైనా ఇస్తాను. నీళ్ళు మట్టికుండలోనే తెండి. కొన్నాళ్ళు చీకట్లో తేరనివ్వండి. కొంచెం పెట్టండి. గీత దిగితే మంచినీళ్ళు పొయ్యండి. పైసైజు గుల్లలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. ఇక, మీ ఇంట్లో పెద్దావిడ ప్రేమకొద్దీ రాగి బిందెతో సముద్రం తెచ్చిందనుకోండి. కాళ్ళకు దణ్ణం పెట్టండి. పెట్టి, ఆ నీళ్ళు తొట్టిలో పొయ్యకముందే చెప్పెయ్యండి. ఏమీ అనుకోదు.